ప్రతిపక్షం కావాలా? ఇంకొకరిని కనండి

ఫిలిప్పీన్స్ రాజ్యాంగం చాలా మంచిది. రాజకీయ వంశపాలన కూడదని 1987లోనే రాసిపెట్టుకున్నారు. కాకపోతే వంశపాలన అంటే ఏమిటో చట్టం చేసి తేల్చే పని చట్టసభకు అప్పగించారు. ఆ సభలో ఎటు చూసినా ఆ వంశాలవాళ్లే. పాపం, నిర్వచనం ఇంకా దొరకలేదు.

ఈలోపు మనీలాను ఆనుకుని ఉన్న మకాటి నగరం తన తిప్పలేవో తానే పడింది. బ్యాంకులు, అద్దాల మేడలు, పెద్ద కంపెనీల ఆఫీసులు ఉన్న ఊరు. 1986లో అధ్యక్షురాలు కొరజాన్ అక్వినో ప్రభుత్వం జెజోమార్ బినయ్ అనే లాయర్‌కు ఆ ఊరి బాధ్యత అప్పగించింది. వరుసగా మూడు టర్ములకు మించి మేయర్‌గా ఉండకూడదని అక్కడో రూల్ ఉంది. ఆయన రూల్‌ను గౌరవించి 1998లో దిగిపోయారు. భార్య ఎలెనిటా ఎక్కారు. 2001లో మళ్లీ ఆయనే. 2010లో ఆయన దేశ ఉపాధ్యక్షుడయ్యాక కొడుకు జున్‌జున్. పార్కింగ్ భవనం నిర్మాణంలో అవినీతి ఆరోపణల మీద 2015లో అంబుడ్స్‌మన్ (అధికారుల అవినీతిని విచారించే సంస్థ) కొడుకును తొలగిస్తే, కొన్నాళ్లు బయటివాడైన వైస్ మేయర్ కిడ్ పేన్యా ఆ కుర్చీలో కూర్చున్నారు. 2016లో కూతురు అబీ వచ్చి ఆ లోటు తీర్చేశారు. పెద్దకూతురు నాన్సీ అంతకుముందు ఏ ఎన్నికలోనూ నిలబడకుండానే 2013లో నేరుగా సెనేట్‌కు వెళ్లారు. ఒకే మనిషి ఉండకూడదని రూల్ చెప్పింది గానీ, ఒకే డైనింగ్ టేబుల్ ఉండకూడదని చెప్పలేదు కదా!

మరి ఇలాంటి ఊళ్లో ప్రతిపక్షం ఎక్కణ్నుంచి పుట్టుకురావాలి? మకాటిలో పేరు నమోదు చేసుకున్న వృద్ధులకు పుట్టినరోజు నాడు నగరపాలక సంస్థ కేక్ ఇస్తుంది. ఉచితంగా సినిమా చూపిస్తుంది. బయటివాడెవడో వచ్చి ఓటడిగితే, ఆ కేక్ తిన్న నోటితో సరేనని ఎలా అంటారు? వాడు మాత్రం ఏం హామీ ఇస్తాడు, ఇంకాస్త పెద్ద కేకా? ఆ కేకు మీద హక్కు చెప్పుకోగలిగినవాడే దాన్ని పంచేవాళ్లతో పోటీ పడగలడు. అంటే ఆ ఇంట్లోవాడే.

2019లో ఆ శుభ ఘడియ వచ్చింది. మేయర్‌గా ఉన్న అక్క అబీ మీద మాజీ మేయర్ తమ్ముడు జున్‌జున్ నిలబడ్డారు. తండ్రి కొడుకు వైపు నిలిచారు. ఎన్నికలు ప్రశాంతంగా జరుపుకుంటామని శాంతి ఒప్పందం మీద సంతకాలు చేయడానికి అభ్యర్థులందరినీ చర్చికి పిలిచారు. అక్కాతమ్ముళ్లు అక్కడే, చర్చిలోనే, అందరి ముందూ గట్టిగా గొడవపడ్డారు. చూసినవాళ్లు ముక్కున వేలేసుకున్నారట. నాకైతే ఎంతో ముచ్చటేసింది. అన్నేళ్ల తర్వాత ఆ ఊరి మేయర్‌ను ఒకరు నిలదీసి అడిగారు. అంత ధైర్యం తోడబుట్టినవాళ్లకు కాక ఇంకెవరికి ఉంటుంది?

తెలుగు పాఠకులకు ఇదంతా వింతగా తోచవచ్చు. మన రాజకీయ కుటుంబాల్లో అన్నాచెల్లెళ్లు ఎంత ఒద్దికగా ఉంటారో రోజూ టీవీల్లో చూస్తూనే ఉన్నాం.

అక్క భారీ మెజారిటీతో గెలిచింది. చట్టసభలోని దిగువ సభ సీటుకు పోటీచేసిన తండ్రి అదే ఎన్నికలో ఓడిపోయారు, అదీ కిడ్ పేన్యా చేతిలో. పిల్లల తగువులో పెద్దలు ఒక పక్షం పట్టకూడదని మన ముసలమ్మలు ఊరికే అనలేదు.

కాబట్టి, ఫిలిప్పీన్స్ చట్టసభకు నాదొక సలహా. నిర్వచనం కోసం ఇంక వెతక్కండి. పాలించే ప్రతి కుటుంబంలో పదవి మీద ఆశ ఉన్న సంతానం కనీసం ఇద్దరుండాలని చట్టం చేయండి. నామినేషన్ల నాటికి వాళ్లకు మాటల్లేవని ఎన్నికల సంఘం విచారించి ధ్రువీకరించాలి. ఆస్తి పంపకాలు సామరస్యంగా తేలిన ఇంటివాళ్లపై అనర్హత వేటు వేయాలి. ఒక్కడే కొడుకున్న ఇంటిని నియంతృత్వంగా ప్రకటించినా తప్పులేదు. రాజీ కుదిర్చే మేనమామలకు ఎన్నికల కోడ్ కింద శిక్ష ఉండాలి, పార్టీ ఫిరాయింపు కంటే అదే పెద్ద నేరం.

మకాటి ఈ సంప్రదాయాన్ని నిలబెట్టుకుంటూనే ఉంది. 2025లో అబీకి మూడు టర్ములు, నాన్సీకి సెనేట్‌లో రెండు టర్ములు ఒకేసారి పూర్తయ్యాయి. అబీ సెనేట్‌కు పోటీ చేస్తూ, మేయర్ పదవికి తన భర్త లూయిస్ కాంపోస్‌ను నిలబెట్టారు. ఆయన మీద ఆవిడ సొంత అక్క నాన్సీ దిగారు. వదినా మరుదుల పోటీ అన్నమాట. వదినే గెలిచింది. చెల్లెలు సెనేట్‌లో ఓడిపోయింది.

ఆ ప్రధాన పోటీలో ఒక సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. బినయ్ కుటుంబం వద్దనుకున్న ఓటరుకు బ్యాలెట్ మీద బినయ్ కాని ఇంటిపేరు ఉన్న గట్టి అభ్యర్థి కనిపించాడు. ఆ ఇంటి అల్లుడు.