నరసింహుడి సెకండ్ పార్ట్ అంతర్వేదిలోనే ఉంది

2025 ఆగస్టులో రాజోలు దగ్గర మా అక్క వాళ్లింటికి వెళ్లినప్పుడు, పిల్లల్ని తీసుకుని ‘మహావతార్ నరసింహ’ సినిమాకి వెళ్లాం. సినిమా అయిపోయింది, లైట్లు వేశారు, ఊడ్చేవాళ్లు చీపుళ్లు పట్టుకుని వచ్చేశారు. మా మేనల్లుడు మాత్రం సీట్లోంచి లేవడు. పేర్లన్నీ పడ్డాక ఇంకో సీన్ ఉంటుందట. వాడు చూసి పెరిగిన సినిమాలన్నీ అలాగే ముగుస్తాయి మరి. బయటికి రాగానే అడిగాడు: “సెకండ్ పార్ట్ ఎప్పుడు?”

మా అమ్మ తడుముకోలేదు. “రెండోది మన అంతర్వేదిలోనే జరిగింది కదరా నాన్నా. రేపు పొద్దున్నే తీసుకెళ్తాలే.”

అమ్మ మాట తమాషాకి అన్నది కాదు. అంతర్వేది స్థలపురాణం ప్రకారం హిరణ్యాక్షుడి కొడుకు రక్తవిలోచనుడు. వాడి నెత్తురు ఎన్ని ఇసుక రేణువుల మీద పడితే అంతమంది రాక్షసులు పుట్టేలా శివుడి దగ్గర వరం పొందాడు. వశిష్ఠుడి కొడుకుల్ని చంపాడు. వశిష్ఠుడు మొరపెట్టుకుంటే నరసింహుడు మళ్లీ వచ్చాడు. నెత్తురు నేల పడకుండా నాలుక చాచి పట్టింది అశ్వరూఢాంబిక, ఊరివాళ్లకి గుర్రాలక్క. పాత విలన్ వంశంలోంచి కొత్త విలన్, వాడికో కొత్త పవర్, హీరో ఒక్కడివల్ల కాక పక్కన నిలబడ్డ ఇంకో దేవత. ఇప్పుడు సినిమా కంపెనీలు గదుల్లో రచయితల్ని కూర్చోబెట్టి జీతాలిచ్చి రాయించుకునేది సరిగ్గా ఇదే.

పంచారామాల సంగతీ అంతే. తారకాసురుడి మెడలోని లింగం ఐదు ముక్కలై ఐదు ఊళ్లలో పడింది. వాటిలో ద్రాక్షారామం, సామర్లకోట, భీమవరం, పాలకొల్లు ఈ గోదావరి జిల్లాల్లోనే ఉన్నాయి, ఐదోది అమరావతి. కార్తీక మాసంలో ఆర్టీసీ స్పెషల్ బస్సెక్కి ఒక్కరోజులో ఐదూ చుట్టేసి వచ్చిన మా పక్కింటి మామ్మగారి ముందు, వరసపెట్టి అమెరికా మార్వెల్ కంపెనీ సూపర్ హీరో సినిమాలన్నీ చూశామని గొప్పలు పోయే కుర్రాళ్లు ఏ మూలకి? కాబట్టి సినిమాటిక్ యూనివర్స్, అంటే ఒకదానికొకటి ముడిపడిన సినిమాల వరస, అనగానే మనవాళ్లకి ఏదో కొత్త వింత నేర్పుతున్నట్టు మాట్లాడేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది. చూసేవాడికి ఇందులో కొత్తేమీ లేదు. కొత్తదల్లా దస్తావేజు. ఈ పాత్ర ఫలానావారిది, వాళ్లని అడక్కుండా బొమ్మ గీయకూడదు అనే కాగితం.

ఆ కాగితం ఎలా పనిచేస్తుందో కౌలు సంగతి తెలిసిన డెల్టావాళ్లకి చెప్పడం తేలిక. 1962లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో కలిసి పుట్టించిన స్పైడర్ మ్యాన్ మార్వెల్ కామిక్స్ వారి సొంత భూమి. 1996లో ఆ కంపెనీ దివాలా తీసింది. ఆ గడ్డు రోజుల తర్వాత స్పైడర్ మ్యాన్ సినిమా హక్కులు సోనీ చేతికి వెళ్లాయి. 2009లో డిస్నీ 400 కోట్ల డాలర్లు పోసి మార్వెల్‌ని కొనుక్కుంది కానీ ఆ కౌలు మాత్రం సోనీ దగ్గరే ఉండిపోయింది. గడువు లోపల సినిమా తీయకపోతే కౌలు రద్దవుతుంది. భూమి ఒకరిది, దుక్కి ఇంకొకరిది. 2015లో ఇద్దరూ కూర్చుని ఒప్పందం చేసుకున్నాకే స్పైడర్ మ్యాన్ మిగతా మార్వెల్ హీరోల పక్కన కనిపించాడు. సోనీ తీసిన, స్పైడర్ మ్యానే లేని ‘మోర్బియస్’, ‘మేడమ్ వెబ్’ లాంటివి చూసినప్పుడల్లా, చేను బీడు పడకుండా ఏదో ఒకటి చల్లేశారని నాకు అనిపిస్తుంది.

ఇంకో తేడా కూడా ఉంది. పాలకొల్లు చూడకపోయినా ద్రాక్షారామంలో పెట్టిన దండం పనిచేస్తుంది. 2008లో ‘ఐరన్ మ్యాన్’తో మొదలుపెట్టినప్పుడు మార్వెల్ పద్ధతి కూడా దాదాపు ఇదే. ఏ సినిమాకి ఆ సినిమా ఓ భోజనం, చివర్లో వచ్చే చిన్న సీన్ తాంబూలం. 2019లో ‘ఎండ్‌గేమ్’ తర్వాత అది హోంవర్క్ అయిపోయింది. 2023 నవంబర్లో వచ్చిన ‘ది మార్వెల్స్’లో ముగ్గురు హీరోయిన్లుంటే, ఇద్దరి కథ తెలియాలంటే ముందు ఓటీటీలో సిరీస్‌లు చూసి ఉండాలి. సినిమా టికెట్ కొన్నవాడిని ఓటీటీ చందా కూడా కట్టమంటే ఎలా? ప్రపంచమంతా కలిపి 20 కోట్ల డాలర్లు దాటి ఆగిపోయింది. ‘ఐరన్ మ్యాన్’తో మొదలైన ఆ మార్వెల్ వరసలో అంత తక్కువ వసూలు ఇంకోటి లేదు.

అలాగని హోంవర్క్ ఒక్కటే తప్పు అనేస్తే నా వాదనకే చిల్లు పడుతుంది. 2025 సెప్టెంబర్లో జపాన్ యానిమేషన్ ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్’ తెలుగులో కూడా వచ్చింది. టీవీ సీజన్లు చూడనివాడికి అందులో ముక్క అర్థం కాదు. అయినా మా మేనల్లుడి బ్యాచ్ ఎగబడి వెళ్లింది. నాకు తోచిన కారణం ఒకటే. దాని మూలమైన మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ, 2020లోనే ముగిసిపోయింది. కథకి ఒడ్డు ఉందని చూసేవాడికి తెలుసు, పంటు ఎక్కినవాడు అవతలి రేవు కనిపిస్తుంటే ఎంతసేపైనా నిలబడతాడు. మార్వెల్ వారి పంటుకి రేవు లేదు. ‘మహావతార్’ వాళ్లు 2037 దాకా ఏడు సినిమాలని లిస్టు ముందే ప్రకటించారు, రేవు పేరు చెప్పినట్టే. 2027లో పరశురాముడు వస్తాడట. మొదటిది 300 కోట్లు దాటింది కాబట్టి ఇప్పటికి ధైర్యంగానే ఉంటారు.

గేముల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. 2018లో ప్లేస్టేషన్‌కి వచ్చిన స్పైడర్ మ్యాన్ గేమ్ మా వాళ్ల పిల్లలందరికీ తెలుసు, ఒక్కడూ ఆడలేదు. యూట్యూబ్‌లో ఎవరో ఆడుతుంటే చూస్తారు. సంక్రాంతికి భీమవరం బరుల దగ్గర పందెం కాసేవాళ్లకన్నా చూసేవాళ్లే ఎక్కువ కదా, అలాగే.

మన దగ్గర దస్తావేజు విలువ ముందుగా పట్టుకున్నది హైదరాబాద్ కంపెనీ గ్రీన్ గోల్డ్. భీముడు ఎవరి సొత్తూ కాదు, ఎవరైనా గీయొచ్చు. కానీ నారింజ రంగు పంచె కట్టి లడ్డూ తిని బలం తెచ్చుకునే ఛోటా భీమ్ మాత్రం వాళ్లదే. 2008లో పోగో టీవీ ఛానెల్లో మొదలై సినిమాలు, గేములు, స్కూలు బ్యాగుల దాకా వెళ్లాడు. తెలివైన పనే. నా ఫిర్యాదల్లా ఆ ఢోలక్‌పూర్ గురించే. కంపెనీ మనది, ఊరు మాత్రం ఉత్తరాదిది. తాపేశ్వరం మడత కాజా తింటే ఆ భీముడికి బలం రాదా? దేశమంతా ఆడే ఛానెల్‌కి అమ్మాలి కాబట్టి రాదు. అదే కంపెనీ వైజయంతీ మూవీస్‌తో కలిసి 2024లో ‘కల్కి 2898 ఏడీ’ రాకముందు ‘బుజ్జి అండ్ భైరవ’ అని రెండు ఎపిసోడ్లు చేసింది. చూస్తే సరదా, చూడకపోతే నష్టం లేదు. తాంబూలం సైజు తెలిసి చేసిన పని.

ఈ లెక్కలన్నీ వేసుకుంటే నాకు గుర్తొచ్చేది బుడుగు. గీసిన బాపు పుట్టింది నరసాపురం, రాసిన ముళ్లపూడి పుట్టింది ధవళేశ్వరం. బుడుగు అమ్మానాన్నలు రాధా గోపాళాలకి వేరే కథలూ ఉన్నాయి. సీగాన పెసూనాంబ, రెండు జెళ్ల సీత, లావుపాటి పిన్నిగారి మొగుడు... ఊరంత యూనివర్స్ సిద్ధంగా ఉంది. రెండేసి నిమిషాల కార్టూన్లు, బాపు గీత, గోదావరి మాట చాలు. గ్రాఫిక్స్‌కి కోట్లు అక్కర్లేదు. చిక్కల్లా వాడి బలం మాటలో ఉండటమే. హిందీలోకి డబ్ చేస్తే బుడుగు మిగలడు. ఒక్క తెలుగు చూసేవాళ్ల కోసమే డబ్బు పెట్టగలిగినవాడు కావాలి, అలాంటివాడు నాకింకా కనబడలేదు.

మర్నాడు అమ్మ అన్నమాట ప్రకారం అంతర్వేది తీసుకెళ్లింది. తీర్థం రోజులు కావు కాబట్టి బొమ్మల దుకాణాలు రెండే తెరిచి ఉన్నాయి. నరసింహస్వామి మాస్కు కావాలన్నాడు మావాడు. దుకాణంలో ఆయన కాసేపు వెతికాడు.

“స్వామివారిది ఇంకా రాలేదండి. స్పైడర్ మ్యాన్ ఉంది, ఛోటా భీమ్ ఉంది.”

మావాడు స్పైడర్ మ్యాన్‌ది కొనిపించుకుని, అది పెట్టుకునే గుర్రాలక్క గుడికి నడిచాడు.