చెరువులో కాపురమున్న చిల్లచెట్టు గారికి

మహారాజశ్రీ చిల్లచెట్టు గారి సముఖమునకు,

సర్కారు తుమ్మ, సీమతుమ్మ అని తమకు గొప్ప పేర్లున్నా మా నోటికి తిరిగేది చిల్లచెట్టే. ఏమనుకోవద్దు.

క్షేమమా అని అడగడం దండగ. చెరువు నెర్రెలిచ్చిన ఎండల్లో కూడా పచ్చగా ఉండేది తమరే గదా.

తమరు పిలవని పేరంటానికి రాలేదు. 1877లో జమైకా గింజలు తెప్పించి, పక్కనే కడప జిల్లా కమలాపురంలో నాటారు. వంటచెరకు కరువు తీర్చారు, కాదనం. ఉదయగిరి, కనిగిరి మెట్టల్లో పొయ్యిలు వెలిగింది తమ కట్టెతోనే. తమరే లేకుంటే కొండమీది అడవి ఎప్పుడో ఆ పొయ్యిల్లో పడేది. తమరు ఇటొస్తే మా ఒంగోలు గిత్తలు ఓడెక్కి అటు పోయాయి. బ్రెజిల్‌లో 'నెలోర్' అనే పేరుతో మందలయ్యాయి. వాటికక్కడ గడ్డి దొరికింది. ఇక్కడి గడ్డి తమ నీడలో పోయింది.

ఏటా వేసవిలో మేం తమకు క్షవరం చేస్తాం. కాగితాల్లో దాని పేరు తొలగింపు. మోకాలెత్తున నరికి, ఫొటో తీసి, బిల్లు పెట్టుకుంటాం. రెండు వానలు పడేసరికి ఒక్క మానున్నచోట అయిదారు పిలకలు. చిగుళ్ళన్నీ నేలలో తమ మెడ దగ్గర దాక్కుని ఉంటాయని తెలుసు. అడుగు లోతు తవ్వి, ఆ మెడకింద వేరు తెగ్గొడితే మళ్ళీ లేవరనీ తెలుసు. కానీ కొలత విస్తీర్ణానికి, లోతుకు రేటు లేదు.

పొక్లెయిన్‌తో మొద్దులు లాగించిన ఏడాది కూడా తమరు దిగులుపడనక్కర్లేదు. కదిలిన మట్టిలో పాత గింజలు తొలివానకే లేస్తాయి. తడి ఆరకముందే చేత్తో పీకితే వచ్చేస్తాయి. జానెడు మొక్కకు ఒక మనిషి చాలు, మూడేళ్ళ మొక్కకు మళ్ళీ మిషనే దిక్కు. అయితే పీకే కూలి ఏ పద్దులోనూ రాయరు.

గింజలు మోసే పని మా మేకలది, ఆవులది. కాయ తియ్యన, ఒక్కోదాంట్లో పది నుంచి ముప్పై గింజలు. తొక్క గట్టిది, కడుపులో అరగదు, పైగా నానుతుంది. పేడతో సహా దిగాక ఎరువూ తడీ ఉచితం. గింజలతో సహా పిండి పట్టించి దాణాలో కాస్త కలిపితే తమ వంశం అక్కడితో ఆగేది. మేం కాయలు రాలినచోటికే తోలుతున్నాం. అదే పనిగా కాయలే తిన్న పశువుకు దవడ పట్టేస్తే, అది తమ తప్పెట్లా అవుతుంది!

కట్టమీద తమ కాపురం మరీ ముచ్చట. బతికున్న వేరు మట్టిని పట్టుకుంటుంది. పైన నరికి వదిలేశాక లోపల కుళ్ళి గొట్టమవుతుంది. చెరువు నిండిన రోజున నీళ్ళు మిగులు పొర్లే కలుజు దాకా పోకుండా ఆ బుంగనే వెతుక్కుంటాయి. చెరువు లోపల తమ కాండాలకు అడ్డుపడిన ఒండ్రు ఏటికేడు మేటవేస్తుంది. మేం మాత్రం వానలు తగ్గాయంటాం.

మునుపు ఈ నేలమీద నెల్లూరు జోడిపి గొర్రె ఊరికే మేసేది, ఇప్పుడు మేత కొంటున్నాం. నల్లతుమ్మ ఉండేది, నాగలి, బండి చక్రం దాని చేవే. పాత నెల్లూరు జిల్లా నేలపట్టు చెరువులో నీట మునిగినా చావని నీటికడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కడతాయి. వాటి రెట్ట కలిసిన నీరు పైరుకు బలం, యూరియా బస్తా ఖర్చులేని ఎరువు. అలాంటి చెట్టొకటి మా చెరువులో పెడదామంటే, తమ ఆకు రాలిన నేలలో మరో విత్తనం మొలవాలంటేనే కష్టం.

ఈసారి టెండరు కూడా మోకాలెత్తుకే పిలిచారు. మే నెలలో వస్తాం. అప్పటికి కాయ పండి ఉంటే మేకల్నీ వెంటబెట్టుకొస్తాం.

ఇట్లు,
తమ ఆయకట్టు రైతులు