రెండేళ్ల డైటా, నాలుగేళ్ల యూనివర్సిటీనా?

వేదిక: జిల్లా గ్రంథాలయం హాలు. ఎదురుగా ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు రాసిన పిల్లలు, వెంట వాళ్ల అమ్మానాన్నలు. చర్చాంశం: ఒకటి నుంచి అయిదో తరగతి దాకా చెప్పే టీచరు కావాలంటే ఇంటర్ కాగానే డైట్‌లో (జిల్లా విద్యా శిక్షణ సంస్థ) చేరి రెండేళ్ల డీఎల్‌ఈడీ (ప్రాథమిక విద్యలో డిప్లొమా) చేయాలా, యూనివర్సిటీకి వెళ్లి నాలుగేళ్లు చదవాలా? డైట్ పక్షాన చిన్న తరగతుల బోధన నేర్పే మేడమ్, యూనివర్సిటీ పక్షాన లెక్కల లెక్చరర్ సార్.

డిగ్రీ సార్: పదిహేడేళ్ల పిల్లను రెండేళ్లలో టీచర్ని చేసి బడికి పంపడం ఆ పిల్లకూ న్యాయం కాదు, ఆమె దగ్గర చదివే పిల్లలకూ న్యాయం కాదు. సీఈసీ, హెచ్‌ఈసీ చదివినవాళ్లు లెక్కల పుస్తకం పదో తరగతిలోనే మూసేసి ఉంటారు. రేపు వాళ్లే భిన్నాలు చెప్పాలి. మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అంటే క్లాసులో చాలామంది నాలుగో వంతే అంటారు, మూడు కన్నా నాలుగు పెద్దది కదా అని. అది తప్పు అని చెప్పడం ఎవరికైనా చేతనవుతుంది. పిల్లలు ఆ దారిలో ఎందుకు వెళ్లారో కనిపెట్టాలంటే విషయం మీద పట్టుండాలి. పట్టు రెండేళ్లలో రాదు.

డైట్ మేడమ్: పట్టు కావాలన్నది ఒప్పుకుంటాను సార్. అది డిగ్రీలో దొరుకుతుందన్నదే ఒప్పుకోను. బీఎస్సీలో గ్రూప్ థియరీ చెబుతారు, రియల్ అనాలిసిస్ చెబుతారు. 52 లోంచి 27 తీసెయ్యమంటే రెండో తరగతి పిల్లాడు 35 అని ఎందుకు రాశాడో ఏ సెమిస్టర్‌లో చెబుతారు?

డిగ్రీ సార్: అప్పు తెచ్చుకోవడం రాలేదు, అంతే కదా.

డైట్ మేడమ్: అంతే అనుకుంటే అదే లెక్క మరో పదిసార్లు చేయిస్తారు, వాడు పదిసార్లూ అలాగే చేస్తాడు. వాడి తలలో 52 అంటే యాభై రెండు కాదు, పక్కపక్కన ఉన్న 5, 2. ప్రతి గళ్లోనూ పెద్దదాంట్లోంచి చిన్నది తీసేశాడు. 7 లోంచి 2 పోతే 5, 5 లోంచి 2 పోతే 3. అంటే తీసివేత వచ్చు, స్థాన విలువ రాలేదు. వాడికి చీపురు పుల్లలు ఇవ్వాలి. పదేసి పుల్లలకు ఒక రబ్బరు బ్యాండు వేసి అయిదు కట్టలు, విడిగా రెండు పుల్లలు. ఇందులోంచి ఏడు విడి పుల్లలు ఇవ్వరా అంటే వాడే ఆగిపోతాడు. అప్పుడు ఒక కట్ట విప్పమంటాం. నాలుగు కట్టలు, పన్నెండు విడి పుల్లలు. ఏడు ఇస్తే అయిదు మిగిలాయి, రెండు కట్టలిస్తే రెండు మిగిలాయి, మొత్తం 25. ఇది చేతితో కొన్నాళ్లు జరిగాకే బోర్డు మీద కొట్టివేత గుర్తులు రాయాలి. చాలా బళ్లలో ముందు గుర్తులు నేర్పి, పుల్లలు ఇన్‌స్పెక్షన్ రోజు బయటికి తీస్తారు. ఈ వరస తెలియడమే చిన్న తరగతుల చదువు. మూడు వందల రెండు అని చెబితే 3002 అని రాసే పిల్లదీ ఇదే జబ్బు, విన్నదాన్ని విన్నట్టు రాసేసింది.

డిగ్రీ సార్: బాగుంది. కానీ మీరు చెప్పింది మంచి డైట్ లెక్చరర్ దగ్గర మంచి విద్యార్థి నేర్చుకునేది. రెండో ఏడాది వచ్చేసరికి మీ విద్యార్థులు పుల్లల దగ్గర ఉంటున్నారా, టెట్ (టీచరు అర్హత పరీక్ష) కోచింగ్‌లో ఉంటున్నారా? కొన్ని ప్రైవేటు కాలేజీల్లో హాజరు కాగితం మీదే ఉంటుంది. పాత బ్యాచ్ పీరియడ్ ప్లాన్లు కాపీ చేసి రికార్డు ఇస్తారు.

డైట్ మేడమ్: అవును, జరుగుతోంది, నాకు అది బాధ. నిబంధన మటుకు గట్టిదే. టీచర్ల శిక్షణను చూసే జాతీయ మండలి ఎన్‌సీటీఈ 2014 నిబంధనల ప్రకారం క్లాసులకు 80 శాతం, స్కూల్ ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరుండాలి. అందుకే కౌన్సెలింగ్‌లో మొదటి ఆప్షన్లన్నీ ప్రభుత్వ డైట్‌లకే పెట్టమంటాను, ఊరు దూరమైనా సరే. ప్రైవేటు కాలేజీకి వెళ్లక తప్పకపోతే ఫీజు అడగకముందు ఇంటర్న్‌షిప్‌కు ఏ బడికి పంపుతారని అడగాలి. బడి పేరు చెప్పలేని కాలేజీలో చేరొద్దు. ఇంకో మాట: తెలంగాణలో డీఎల్‌ఈడీ ప్రవేశ పరీక్ష డీసెట్‌తోనే డీపీఎస్‌ఈ సీట్లు కూడా ఇస్తారు. అది పూర్వ ప్రాథమిక విద్యకు. ఎస్‌జీటీ (ఒకటి నుంచి అయిదో తరగతి దాకా చెప్పే టీచరు) కావాలనుకున్నవాళ్లు రెండూ ఒకటే అనుకుని ఆప్షన్ నొక్కకూడదు.

డిగ్రీ సార్: సరే, ఉద్యోగం మాటకు వద్దాం. తెలంగాణలో 2017 నోటిఫికేషన్ తరవాత మళ్లీ టీచర్ల నియామకానికి డీఎస్సీ పరీక్ష జరిగింది 2024లో. ఆంధ్రప్రదేశ్‌లో 2018 తరవాత 2025లో. పంతొమ్మిదేళ్లకు డీఎల్‌ఈడీ పూర్తి చేసిన పిల్ల ఆ ఆరేడేళ్లు ఏం చెయ్యాలి? చేతిలో డిగ్రీ లేదు. గ్రూప్స్ రాయడానికి వీల్లేదు, బ్యాంకు పరీక్ష రాయడానికి వీల్లేదు. ప్రైవేటు బళ్లో చిన్న జీతానికి చేరుతుంది. యూనివర్సిటీకి వెళ్లిన పిల్లకు నోటిఫికేషన్ రాకపోయినా వేరే తలుపులుంటాయి. తల్లిదండ్రులు దీనికే భయపడతారు, ఆ భయం తప్పు కాదు.

డైట్ మేడమ్: ఈ దెబ్బ నాకు తగిలింది సార్, తోసిపుచ్చను. డీఎల్‌ఈడీ ఒక్కటే చేసి ఆగిపోవద్దనే నేనూ చెబుతాను. అది పూర్తయిన ఏడాదే అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ లాంటి చోట దూరవిద్యలో డిగ్రీకి కట్టాలి. ఎస్‌జీటీ అయ్యాక స్కూల్ అసిస్టెంట్ (పై తరగతుల టీచరు) ప్రమోషన్‌కు డిగ్రీ, బీఈడీ ఎలాగూ కావాలి. అయితే మీ తలుపుల సంగతి కూడా చూద్దాం. మామూలు మూడేళ్ల డిగ్రీ, ఆ పైన రెండేళ్ల బీఈడీ చేసిన పిల్ల అయిదేళ్లు చదివి కూడా ఎస్‌జీటీ పోస్టుకు దరఖాస్తు పెట్టడానికి వీల్లేదు. 2018 జూన్‌లో ఎన్‌సీటీఈ బీఈడీ వాళ్లకూ ప్రాథమిక తరగతులకు అవకాశమిచ్చింది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు అది చెల్లదంది. చిన్నపిల్లలకు చెప్పడం వేరే శిక్షణ, బీఈడీలో అది లేదు అన్నదే తీర్పు సారం. ఇప్పటికీ ఊళ్లో ‘బీఈడీ చేస్తే చిన్న క్లాసులకూ పెద్ద క్లాసులకూ పనికొస్తుంది’ అని చెప్పేవాళ్లున్నారు. ఆ మాట నమ్మి అయిదేళ్లు పోగొట్టుకోవద్దు. తెలంగాణ 2024 డీఎస్సీలో 11,062 పోస్టులుంటే 6,508 ఎస్‌జీటీవే, స్కూల్ అసిస్టెంట్లు 2,629. పెద్ద గేటు ఎటుందో చూడండి.

డిగ్రీ సార్: డిగ్రీ, విడిగా బీఈడీ అనే దారిని నేనూ వదిలేస్తున్నాను. చిన్న తరగతులే లక్ష్యమైతే అది తప్పుదారే. నేను చెప్పేది నాలుగేళ్ల సమీకృత కోర్సు, ఐటెప్. బీఏ బీఈడీ, బీఎస్సీ బీఈడీ, బీకామ్ బీఈడీ. 2023-24లో మొదలైంది. జాతీయ పరీక్షల సంస్థ ఎన్‌టీఏ పెట్టే ప్రవేశ పరీక్ష ఎన్‌సీఈటీ రాయాలి, తెలుగులోనూ రాయొచ్చు. భాషలు, ఎంచుకున్న సబ్జెక్టులు, జనరల్ టెస్ట్, బోధనాభిరుచి ఉంటాయి. విడిగా చదివితే అయిదేళ్లు పట్టేది నాలుగేళ్లలో అవుతుంది, డిగ్రీ చేతికొస్తుంది, టీచరు శిక్షణా మొదటి ఏడాది నుంచే ఉంటుంది. జాతీయ విద్యావిధానం 2020 అయితే 2030 నాటికి టీచరుకు ఇదే కనీస అర్హత కావాలంది. ఇప్పుడు ఇంటర్ అయిన పిల్లలు 2030 దాటాక ఇంకో ముప్ఫై అయిదేళ్లు ఉద్యోగం చేస్తారు. రేపటి గాలి ఎటు వీస్తుందో చూడాలా వద్దా?

డైట్ మేడమ్: చూడాలి. దాంతోపాటు కోర్సు పేరు పక్కన ఉన్న దశ పేరూ చూడాలి. ఐటెప్‌లో పునాది, సన్నాహక, మధ్య, సెకండరీ అని నాలుగు దశలున్నాయి. పునాది దశ అంటే మూడేళ్ల వయసు నుంచి రెండో తరగతి దాకా, సన్నాహక దశ మూడు నుంచి అయిదు. సంస్థకు అనుమతి దశను బట్టి వస్తుంది. సెకండరీ దశ బీఎస్సీ బీఈడీలో చేరి, నాలుగేళ్లయ్యాక చిన్న క్లాసులకు వెళ్తానంటే మళ్లీ అదే గోడ. వరంగల్ నిట్, మనూ (ఉర్దూ యూనివర్సిటీ) లాంటి పెద్ద పేర్లు చూసి సంబరపడే ముందు ప్రాస్పెక్టస్‌లో ఏ కోర్సు, ఏ దశ అన్నది చదవాలి. పునాది గాని, సన్నాహక గాని దొరికి, హాస్టల్ ఖర్చు భరించగలిగితే వెళ్లమనే చెబుతాను. దొరకని పిల్ల డీసెట్ వదులుకోవద్దు.

డిగ్రీ సార్: అక్కడిదాకా వచ్చారు, సంతోషం. ఒకటి అడుగుతాను. ఇంగ్లిష్ సంగతేమిటి? రెండు రాష్ట్రాల్లోనూ పాఠ్యపుస్తకం ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. తెలుగు మీడియంలో చదివి, రెండేళ్లు తెలుగులోనే శిక్షణ పొందిన పిల్ల ఇంగ్లిష్ పేజీ ఎలా చెబుతుంది?

డైట్ మేడమ్: డైట్‌లో ఇంగ్లిష్ చాలదు. ఒప్పుకుంటున్నాను. కాకపోతే ఒకటో తరగతికి కావలసింది షేక్‌స్పియర్ కాదు, ‘సిట్ డౌన్, ఓపెన్ యువర్ బుక్స్, హౌ మెనీ ఆర్ దేర్’ లాంటి వంద, రెండు వందల వాక్యాలు తడుముకోకుండా, స్పష్టంగా పలకడం. ఈ ఎండాకాలంలోనే మొదలుపెట్టొచ్చు. ఒకటి నుంచి అయిదో తరగతి దాకా ద్విభాషా పుస్తకాలు తెచ్చుకుని రోజూ ఒక పాఠం పైకి చదవాలి. తెలుగు పేజీలో ఉన్నది ఇంగ్లిష్ పేజీ చూడకుండా చెప్పి, తరవాత సరిచూసుకోవాలి. లెక్కల పుస్తకంలోని ప్రతి లెక్కా చెయ్యాలి. సులువని దాటెయ్యొద్దు, ఆ సులువైన లెక్కల్లోనే పిల్లలు పడిపోతారు.

డిగ్రీ సార్: ఏ దారిలో వెళ్లినా ఈ పని చెయ్యాల్సిందే, ఇందులో మనకు తగాదా లేదు. తెలుగు కూడా అంతే. మనకు తెలుగు వచ్చు కదా అనుకుంటారు.

డైట్ మేడమ్: రావడం వేరు, చెప్పడం వేరు. వర్ణమాల అ నుంచి ఱ దాకా వరసగా పాడించేసి చదువొచ్చిందనుకుంటాం. మధ్యలో ‘మ’ చూపించి ఇదేంటంటే ‘య’ అంటాడు. త, ల, ప, వ లాంటి అక్షరాలతో తల, వల, పలక అని పదాలు చేయించి, ఆ పదాల్లోంచి అక్షరాలు విడదీయిస్తే నిలుస్తాయి. బొమ్మ చూసి పదం చెప్పేస్తున్నాడేమో తెలుసుకోవాలంటే బొమ్మ మీద చెయ్యి పెట్టి మళ్లీ చదివించాలి. ఒత్తుల దగ్గర ఎక్కువ ఆగాలి. గ, జ, డ ఒత్తులు అక్షరం పోలికలోనే ఉంటాయి, పిల్లలు పట్టుకుంటారు. త, న, మ, య, ర, ల ఒత్తులకు అక్షరంతో పోలికే ఉండదు. అన్నం, అమ్మ, పిల్ల, కత్తి అంటూ తెలిసిన మాటలతో ఒక్కో ఒత్తుకూ నాలుగైదు రోజులివ్వాలి. అన్నీ ఒకే వారంలో రుద్దితే అయిదో తరగతిలో కూడా ‘చంద్రుడు’ దగ్గర నత్తి పడుతుంది.

డిగ్రీ సార్: పరీక్ష లెక్క కూడా చెప్పండి, అమ్మానాన్నలు ఎదురుచూస్తున్నారు.

డైట్ మేడమ్: టెట్ పేపర్ వన్‌లో 150 ప్రశ్నలు, రెండున్నర గంటలు. శిశు వికాసం, రెండు భాషలు, గణితం, పరిసరాల విజ్ఞానం, ఒక్కోటి 30. ఓసీలకు 60 శాతం, బీసీలకు 50, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 40 వస్తే అర్హత. కానీ అర్హతతో సరిపెట్టుకోవద్దు. డీఎస్సీలో టెట్‌కు 20 మార్కుల వెయిటేజీ ఉంది. 150కి 90 వచ్చినవారికి 12 కలుస్తాయి, 120 వచ్చినవారికి 16. ఆ నాలుగు మార్కులు డీఎస్సీ పేపర్లో తెచ్చుకోవాలంటే అరమార్కు ప్రశ్నలు ఎనిమిది అదనంగా రాయాలి. టెట్ మళ్లీ రాసి మార్కులు పెంచుకోవచ్చు, ఆ అర్హత జీవితాంతం చెల్లుతుంది.

డిగ్రీ సార్: కాగితాల మాట నేను చెబుతాను, ప్రతి ఏడాదీ ఇక్కడే ఏడుస్తారు. ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా బోనఫైడ్లు అన్నీ ఇప్పుడే తెచ్చుకోండి. తెలంగాణలో ఉద్యోగానికి స్థానికత ఒకటి నుంచి ఏడు తరగతులు ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి తేలుస్తారు. చిన్నప్పుడు చదివిన ప్రైవేటు బడి మూతపడి ఉంటే మండల విద్యాధికారి కార్యాలయంలో అడగాలి, దానికి వారాలు పట్టొచ్చు. కులం, ఆదాయం సర్టిఫికెట్లలో, పదో తరగతి మెమోలో, ఆధార్‌లో పేరు ఒకేలా ఉండాలి. ఇంటి పేరు ఒకచోట పొడి అక్షరం, ఒకచోట పూర్తిగా ఉన్నా కౌన్సెలింగ్‌లో ఆపే అవకాశం ఉంది. మెమోలో ఉన్నట్టు ఆధార్ మార్పించుకోండి, మెమో మార్పించడం చాలా కష్టం.

డైట్ మేడమ్: అన్నిటికంటే ముందు, చేరకముందే మీ ఊరి ప్రాథమిక పాఠశాలకు ఒక వారం వెళ్లి కూర్చోండి. బడులు జూన్‌లో తెరుస్తారు, ప్రధానోపాధ్యాయులను అడగండి. ఇద్దరు టీచర్లు అయిదు తరగతులు నడిపే బడైతే మరీ మంచిది. మేడమ్ మూడో తరగతికి లెక్క చెబుతుంటే నాలుగు, అయిదు ఏం చేస్తున్నాయో గమనించండి. ఊరికే కూర్చున్నాయా, జంటగా చదువుతున్నాయా, ఎవరు ఎవరికి చెబుతున్నారు, రాసింది ఎవరు దిద్దుతున్నారు. ఆ గోల మధ్య అయిదు రోజులు కూర్చున్నాక కూడా మళ్లీ వెళ్లాలనిపిస్తే డైట్ అయినా, ఐటెప్ అయినా దరఖాస్తు పెట్టండి.

డిగ్రీ సార్: వెళ్లాలనిపించకపోతే?

డైట్ మేడమ్: ఆ ఏడాది ఫీజు మిగిలింది సార్. మీ కాలేజీలో బీఎస్సీలో చేర్చుకోండి.

డిగ్రీ సార్: చేర్చుకుంటాను. వెళ్లాలనిపించినవాళ్లకు ఐటెప్ పునాది, సన్నాహక దశలే మొదటి ఎంపిక, డైట్ రెండోది అని మాత్రం నా పట్టు వదలను.

డైట్ మేడమ్: నేనూ వదలను. ఎన్‌సీఈటీ, డీసెట్ రెండు నోటిఫికేషన్లూ చూస్తుండండి, రెండూ రాయండి. ఐటెప్ సీటు మీ ఊరికి ఎంత దూరంలో, ఏ దశలో వస్తుందో కౌన్సెలింగ్ రోజున చూసి, అప్పుడు మా ఇద్దరిలో ఎవరి మాట వినాలో తేల్చుకోండి.