వాజ్నియాక్ చదివిన కాలేజీని మన రిక్రూటర్లు ఎందుకు చూడరు?

కాలిఫోర్నియాలోని కూపర్టినోలో ఆపిల్ ప్రధాన కార్యాలయానికి కొద్ది మైళ్ల దూరంలోనే డి ఆంజా కాలేజీ ఉంది. ఆపిల్ స్థాపకుల్లో ఒకరైన స్టీవ్ వాజ్నియాక్ కొంతకాలం అక్కడ చదువుకున్నారు. అదొక కమ్యూనిటీ కాలేజీ. రెండేళ్ల చదువు, ఎంట్రన్స్ గొడవ లేదు, ఆ రాష్ట్రంలో ఉండేవాళ్లకు ఫీజు ఒక్కో యూనిట్‌కి (కోర్సు ఎంత పెద్దదో చెప్పే లెక్క) 31 డాలర్లు. అదే దగ్గర్లోని స్టాన్‌ఫర్డ్‌లో ఏడాది ట్యూషనే 60 వేల డాలర్లు దాటింది.

2014లో గూగుల్ మొదటిసారి తన ఉద్యోగుల లెక్కలు బయటపెట్టినప్పుడు అమెరికా సిబ్బందిలో నల్లజాతివాళ్లు 2 శాతం, హిస్పానిక్‌లు (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్లు) 3 శాతం. ఎందుకింత తక్కువని అడిగితే అప్పటినుంచీ వినిపించే జవాబు ఒకటే, అర్హులైనవాళ్లు దొరకడం లేదని. నేను ఈ మాట ఒప్పుకోను. కాలిఫోర్నియాలో 116 కమ్యూనిటీ కాలేజీలున్నాయి, వాటిలో సుమారు 20 లక్షల మంది చదువుతున్నారు, అందులో దాదాపు సగం మంది హిస్పానిక్‌లే. పగలు షాపులో పనిచేసి సాయంత్రం క్లాసుకు వచ్చేవాళ్లు, పిల్లల్ని నిద్రపుచ్చి కోడింగ్ అసైన్‌మెంట్ చేసుకునే తల్లులు, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లు అక్కడ ఉన్నారు.

మరి వీళ్లంతా ఎక్కడ ఆగిపోతున్నారు? దేశం మొత్తమ్మీద కమ్యూనిటీ కాలేజీలో చేరేవాళ్లలో 80 శాతం దాకా నాలుగేళ్ల డిగ్రీ కావాలనుకునేవాళ్లే. అందుకు రెండేళ్ల తర్వాత యూనివర్సిటీకి మారాలి, కానీ మారేది మూడోవంతు. చేరినవాళ్లందరిలో ఆరేళ్లలో డిగ్రీ చేతికొచ్చేది సుమారు 16 శాతానికి.

కంప్యూటర్ సైన్స్‌లో ఈ మారడం ఇంకా కష్టం. కాలిక్యులస్ అయ్యాకే లీనియర్ ఆల్జీబ్రా, ప్రోగ్రామింగ్ అయ్యాకే డేటా స్ట్రక్చర్స్, ఇలా ఒకదాని మీద ఒకటి. ఒక యూనివర్సిటీ సీ ప్లస్ ప్లస్ అడిగితే ఇంకోటి జావా అడుగుతుంది. చిన్న కాలేజీలో ఆ కోర్సు ఏడాదికి ఒక్కసారే పెడితే, షిఫ్టు కుదరక అది తప్పిపోయిన విద్యార్థికి ఏడాది పోయినట్టే. మన దగ్గర పాలిటెక్నిక్ చేసినవాళ్లు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరతారు కదా, ఎక్కడ దిగుతామో వాళ్లకు ముందే తెలుసు. అక్కడ యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో కొన్ని క్యాంపస్‌లు షరతులతో సీటుకు హామీ ఇస్తాయి గానీ బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియాగో క్యాంపస్‌లు అందులో లేవు.

ఇంత దాటి మూడో ఏడాదిలో యూనివర్సిటీకి వచ్చాక అసలు దెబ్బ తగులుతుంది. వచ్చే వేసవి ఇంటర్న్‌షిప్‌లకు పెద్ద కంపెనీలు ఆ ఆగస్టు, సెప్టెంబరులోనే దరఖాస్తులు తీసుకుంటాయి. తోటివాళ్లకు రెండేళ్ల గ్రేడ్లు, పరిచయమైన ప్రొఫెసర్లు, క్లబ్బులు, ఒక ఇంటర్న్‌షిప్ అనుభవం ఉంటాయి. వీళ్లకు ఆ క్యాంపస్‌లో క్లాసురూమ్ ఎక్కడో కూడా ఇంకా తెలియదు. మూడో ఏడాది తర్వాత ఇంటర్న్‌షిప్ లేకపోతే ఉద్యోగం ఎంత కష్టమో టెక్‌లో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. తెలివి తక్కువై ఎవరూ వెనకబడలేదు, క్యాలెండర్ వాళ్లకు సరిపడేలా లేదు, అంతే.

2023లో అమెరికా సుప్రీంకోర్టు కాలేజీ అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోకూడదంది. 2025లో గూగుల్ తన వైవిధ్య నియామక లక్ష్యాలను (ఉద్యోగుల్లో అన్ని వర్గాలవాళ్లూ ఉండాలన్నవి), మెటా తన వైవిధ్య కార్యక్రమాలను వదిలేశాయి. ఇలాంటి సమయంలో కమ్యూనిటీ కాలేజీ ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఇక్కడ ఎవరి జాతీ అడగనక్కర్లేదు. అందరికీ తెరిచి ఉన్న ఈ కాలేజీల నుంచి మనుషుల్ని తీసుకుంటే చాలు, వైవిధ్యం దానంతటదే వస్తుంది.

శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో మన తెలుగు ఇళ్లలో ఒకటి గమనించాను. పిల్లలు హైస్కూల్లో ఉండగానే కమ్యూనిటీ కాలేజీలో ఒకట్రెండు కోర్సులు చేస్తే మెచ్చుకుంటాం, క్రెడిట్ వస్తుందని. అక్కడే చేరతానంటే మాత్రం పరువు పోయినట్టు టెన్షన్ పడతాం. ఇంటర్వ్యూ ప్యానెల్‌లో కూర్చుని రెజ్యూమె మీద కాలేజీ పేరు చూసేదీ మనలో చాలామందిమే. మీ టీమ్‌కి ఈసారి ఇంటర్న్‌ను తీసుకుంటుంటే రెండో ఏడాది కమ్యూనిటీ కాలేజీ విద్యార్థులు కూడా అప్లై చేయొచ్చని ప్రకటనలో ఒక వాక్యం రాయించండి, అదీ జీతమిచ్చే ఇంటర్న్‌షిప్ అయితేనే. జీతం లేకపోతే షాపులో షిఫ్టు వదిలేసి వాళ్లు రాలేరు.