గాలి ఆడే సంచి ఒక్కటే చాలదు

గాలి ఆడే జంబో సంచిలో (టన్ను దాకా సరుకు పట్టే, జాలీ గుడ్డతో కుట్టిన పెద్ద సంచి) పోస్తే ఉల్లిగడ్డ కుళ్ళదని ఓ వ్యాసంలో రాశారు. అది సగమే నిజం. పీకాక కూడా గడ్డ ఊపిరి పీలుస్తూనే ఉంటుంది, వేడి, తేమ వదులుతుంది. 1000 కిలోల సంచిలో అంచున ఉన్నవాటికి జాలీలోంచి గాలి తగులుతుంది, మరి నడిమధ్య ఉన్నవాటి సంగతేంటి? మేం ఓసారి సంచుల్ని గోడకు ఆనించి, సందు లేకుండా పేర్చాం. పైన పొట్టు ఎండి గలగలమంటోంది, చెయ్యి లోపలికి దూరిస్తే వెచ్చగా, జిగటగా తగిలింది. ఇప్పుడు చెక్క ప్యాలెట్ల (నేలకు ఎత్తుగా ఉండే చెక్క చట్రాలు) మీద పెట్టి, మధ్యలో మనిషి నడిచేంత దారి వదులుతున్నాం. బంగాళాదుంపతో ఇంకో టెన్షన్: జాలీలోంచి వెలుతురు పడితే పచ్చబడుతుంది. దానికి చీకటి గది తప్పదు. అన్నట్టు, సంచిని ఎత్తేటప్పుడు పై మూలల్లోని నాలుగు లూపులూ (ఎత్తే పట్టీలు) తగిలించండి, రెండిటితో లేపితే కుట్లు పిగిలిపోవచ్చు.