కొలిమి ముందు నిలబడ్డవాళ్ల పేర్లు

సతారా జిల్లా కరాడ్ పక్కన ఓగలేవాడి అనే ఊరుంది. ఓగలే సోదరులు 1916లో అక్కడ గాజు కార్ఖానా పెట్టారు, ఊరికి వాళ్ల పేరే నిలిచిపోయింది. ఔంధ్ సంస్థానాధీశుడు వాళ్లకు అండగా నిలిచాడు. అక్కడ తయారైన ‘ప్రభాకర్’ లాంతరు దశాబ్దాల పాటు మహారాష్ట్ర పల్లెల్లో వెలిగింది. ఎక్కడో సతారా సంగతి చంద్రపూర్ (పాత పేరు చాందా), గడ్చిరోలి జిల్లాల తెలుగువాళ్లకు ఎందుకని ఎవరైనా అడగవచ్చు. కాగితం మిల్లు, బొగ్గు గనుల చుట్టూ ఎదిగిన బల్లార్షా, ఘుగ్గుస్ కార్మిక వాడల్లో పుట్టి పెరిగినవాళ్లు మాత్రం అడగరు. కార్ఖానా చుట్టూ ఊరు ఎలా పుడుతుందో వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఓగలేవాడి కంటే ముందే, 1908లో, పుణే దగ్గరి తళేగావ్‌లో పైసా ఫండ్ గాజు కార్ఖానా మొదలైంది. అంతాజీ దామోదర్ కాళే మనిషికో పైసా చొప్పున అడిగి కూడబెట్టిన నిధి అది. రూపాయికి 64 పైసలున్న రోజులవి. లోకమాన్య తిలక్ ఆ ప్రయత్నానికి వెన్నుదన్నుగా నిలిచారు. జపాన్, అమెరికాల్లో గాజు పని నేర్చుకొచ్చిన ఈశ్వర్‌దాస్ వార్ష్ణేయ్ తొలినాళ్లలో బాధ్యత చూశారు. అక్కడ సరుకు తయారుచేయడంతో పాటు కుర్రాళ్లకు పని కూడా నేర్పారు. మా దృష్టిలో ఆ కార్ఖానా చేసిన అసలు మేలు అదే. నేర్చుకున్నవాళ్లు దేశంలోని వేరే గాజు కార్ఖానాలకు వెళ్లి నిలదొక్కుకున్నారు. అప్పటిదాకా దీపం చిమ్నీ నుంచి ఆడవాళ్ల చేతి గాజుల వరకు చాలా సరుకు పై దేశాల నుంచే వచ్చేది. 1914లో యుద్ధం మొదలై ఐరోపా సరుకు రాక తగ్గాక ఇక్కడి గాజుకు చోటు దొరికింది.

ఆ పని ఎంత కష్టమో లాంతరు చిమ్నీ ఒక్కటి చూస్తే తెలుస్తుంది. ఇసుక, సోడా, సున్నపురాయి, పగిలిన గాజు ముక్కలు కలిపి దాదాపు 1,500 డిగ్రీల వేడిలో కరిగిస్తారు. ఆ కొలిమిని సెలవని చల్లార్చడానికి లేదు, పండగ రోజు కూడా ఎవరో ఒకరు దాని దగ్గర ఉండాల్సిందే. పనివాడు పొడవాటి ఇనుప గొట్టం కొసకు కరిగిన గాజు ముద్దను చుట్టుకుని, ఇనుప పలక మీద దొర్లించి, అచ్చులో పెట్టి ఊదుతాడు. ఊపిరి కొంచెం ఎక్కువైతే గోడ పలచబడుతుంది, తక్కువైతే ఆకారం రాదు. అచ్చులోంచి తీశాక నెమ్మదిగా చల్లార్చకపోతే తర్వాతెప్పుడో దానంతటదే బీటలు వారుతుంది. లోపల మంట, బయట చలిగాలి, రెండింటినీ తట్టుకుంటేనే అది చిమ్నీ. ఊళ్లకు కరెంటు వచ్చేకొద్దీ లాంతరుకు గిరాకీ తగ్గింది. ఓగలేవాడి కొలిమి చల్లారింది.

ఆ కార్ఖానాలు పెట్టినవాళ్ల పేర్లు పుస్తకాల్లో సులువుగానే దొరుకుతాయి. దొరకాలి కూడా, వాళ్లు చేసింది చిన్న పని కాదు. ఆ గొట్టం పట్టుకుని ఏళ్ల తరబడి ఊదినవాళ్ల పేర్లు మాత్రం అలా దొరకవు. రేపు మన ప్రాంతానికీ ఇదే గతి పడుతుందని మా బెంగ.

ఇప్పుడు చంద్రపూర్ జిల్లాలో ఉన్న రాజురా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలో, హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది. సరిహద్దు గీత జరిగినా జనం ఉన్నచోటే ఉన్నారు. బల్లార్షా కాగితం మిల్లు కంపెనీ 1945లో పుట్టింది. బొగ్గు గనులు 1973లో జాతీయమయ్యాయి. మిల్లుకు, గనులకు పని వెతుక్కుంటూ వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. గని ప్రైవేటు కంపెనీ చేతిలోంచి ప్రభుత్వం చేతికి వెళ్లింది. కాగితం కంపెనీ 2020లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఇలా చేతులు మారిన ప్రతిసారీ పాత హాజరు పట్టీలు, జీతాల రిజిస్టర్లు తుక్కు కింద పోయే ప్రమాదం ఉంటుంది. యజమానికి అవి పనికిరాని కాగితాలు. ఒక ఇంటికి మాత్రం తాత ఏ సంవత్సరం, ఏ షిఫ్ట్‌లో, ఎంత కూలికి చేరాడో చెప్పే సాక్ష్యం అదొక్కటే.

ఇంకో చిక్కు ఉంది. పెద్దవాళ్లు తమ అనుభవాలు చెప్పేది తెలుగులో. మనవళ్లు చాలామంది చదివేది, రాసేది మరాఠీలో. తాత చెప్పింది మనవడికి అర్థమవుతుంది, తెలుగు అక్షరాల్లో రాయమంటే చేతకాదు. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. తెలుగులోనే రాయాలని పట్టుబట్టి కూర్చుంటే అసలు విషయమే పోతుంది. ఫోన్‌లో తెలుగులో రికార్డు చేయండి, మరాఠీలోనైనా రాసిపెట్టండి. పెద్దవాళ్లు చెప్పేటప్పుడు ఏ యంత్రం, ఏ మేస్త్రీ, ఏ సమ్మె అని విడదీసి అడగండి. ఇంట్లో ఆడవాళ్లను కూడా కూర్చోబెట్టి అడగాలి. నైట్ షిఫ్ట్ నుంచి మనిషి క్షేమంగా తిరిగొచ్చేదాకా ఎంత టెన్షన్ పడ్డారో వాళ్లే చెప్పగలరు.

గని, మిల్లు యాజమాన్యాలు పాత రిజిస్టర్లను పారేసే ముందు జిల్లా అధికారులకు చూపించాలి. కార్మిక సంఘాలు తమ బీరువాల్లోని కరపత్రాలు, ఫొటోలు బయటికి తీయాలి. వీటిని భద్రపరచడానికి బల్లార్షా పురపాలక సంఘం ఒక గది, ఒక స్కానర్, ఒక ఉద్యోగిని ఇవ్వగలదు. దానికయ్యే ఖర్చు పెద్దదేమీ కాదు. వచ్చే బడ్జెట్ సమావేశంలో ఈ అంశాన్ని చర్చకు పెట్టాలని సభ్యులను కోరుతున్నాం. పాఠకులు పంపే కార్మికుల జ్ఞాపకాలకు, తెలుగులో ఉన్నా మరాఠీలో ఉన్నా, మా పత్రిక ప్రతి ఆదివారం చోటిస్తుంది.