తైవాన్ నాటకశాలలు ఎవరి ముఖం చూపిస్తున్నాయి?

తైపే నడిబొడ్డున ఉన్న జాతీయ నాటకశాలను చూస్తే బీజింగ్‌లోని పాత చక్రవర్తుల కోట గుర్తొస్తుంది. పసుపు పెంకులు, ఎర్రటి స్తంభాలు, నాలుగు వైపులా వాలిన కప్పు. పాత చైనా కట్టడాల్లో ఆ తరహా కప్పుది అన్నిటికంటే పై హోదా. రాజప్రాసాదంలోని ప్రధాన మందిరాలకు అలాంటిది వేసేవారు. లోపలికి వెళ్తే మాత్రం దాదాపు 1,500 మంది కూర్చునే పాశ్చాత్య తరహా థియేటర్. దీన్ని రూపొందించిన వాస్తుశిల్పి యాంగ్ చో-చెంగ్ అదే మైదానంలో ఉన్న చియాంగ్ కై-షెక్ స్మారక మందిరానికీ రూపకర్త.

ఆ కప్పు అలా ఎందుకుందో అర్థం కావాలంటే నాటి రాజకీయం చూడాలి. 1949లో చైనా ప్రధాన భూభాగాన్ని కోల్పోయి తైవాన్ చేరిన చియాంగ్ కై-షెక్ పార్టీ కువొమింటాంగ్ ప్రభుత్వం, చైనా మొత్తానికి అసలైన పాలకులం తామేనని చెప్పుకునేది. అవతల మావో సాంస్కృతిక విప్లవం పాత గుళ్లను, గ్రంథాలను ధ్వంసం చేస్తుంటే, ఆ సంస్కృతిని కాపాడేది తామేనన్న ప్రచారం ఇవతల మొదలైంది. రాజధానిలో కట్టే నాటకశాల ఆ వాదనకు రుజువుగా నిలబడాల్సి వచ్చింది. ఆ ద్వీపంలో తరతరాలుగా ఆడుతున్న ఆట, పాడుతున్న పాట ఏమిటన్న ప్రశ్న ఆ కప్పు ఆలోచనలోకి రాలేదు.

1987 జులైలో, దశాబ్దాలుగా అమల్లో ఉన్న సైనిక శాసనం ఎత్తేశారు. అదే ఏడాది అక్టోబరులో నాటకశాల తెరుచుకుంది. ఒక కాలం కోసం కట్టిన భవనం మరో కాలంలోకి అడుగుపెట్టింది. 1990 మార్చిలో వేలమంది విద్యార్థులు ఆ భవనాల మధ్య మైదానంలోనే బైఠాయించి ప్రజాస్వామ్య సంస్కరణలు కోరారు. 1996లో తైవాన్ ప్రజలు తొలిసారి తమ అధ్యక్షుణ్ని నేరుగా ఎన్నుకున్నారు. నా దృష్టిలో ఆ నాటకశాలకు తైవాన్ గుర్తింపు వచ్చింది ఆ విద్యార్థుల వల్లే, పెంకుల రంగు వల్ల కాదు.

తైవాన్‌ది అనదగ్గ రంగస్థలం అప్పటికి ఎక్కడుంది? గుడి ముందు ఉంది. ఇలాన్ ప్రాంతంలో పుట్టిన గెజైషీ అనే సంగీత నాటకం, చేతి తొడుగు బొమ్మలాట, రెండూ దేవుడికి మొక్కుగా ఆడేవి. అందుకే వేదిక గుడి వైపు తిరిగి ఉంటుంది. మొదటి ప్రేక్షకుడు లోపలున్న దేవుడు, మనుషులు ఆ తర్వాత. రంగు తెరలు, మెరుపు దుస్తులు, తైవానీయులు ఇంట్లో మాట్లాడుకునే భాష. అది పేద వేదికే గాని సిగ్గుపడే వేదిక కాదు.

కువొమింటాంగ్ రాకముందు తైవాన్‌ను ఏలిన జపాన్ పాలనలో, ముఖ్యంగా 1937లో యుద్ధం మొదలయ్యాక, ఆ వేదిక మీద ఒత్తిడి పెరిగింది. ద్వీపవాసులను చక్రవర్తికి విధేయ ప్రజలుగా మార్చే కార్యక్రమంలో భాగంగా సంప్రదాయ వాద్యాలను, వేషాలను అణచివేశారు. బతకాలి కాబట్టి నటులు కిమోనో కట్టారు, జపాన్ కత్తి పట్టారు, పాశ్చాత్య వాద్యాలు తెచ్చుకున్నారు. పాలన పోయినా ఆ కలగలుపు పోలేదు. చైనా కథలో జపాన్ కత్తియుద్ధం, మధ్యలో శాక్సోఫోన్ పాట కలిసిన ఒక ప్రత్యేక శైలి గెజైషీలో స్థిరపడింది. 1950లలో హాళ్లలో ఆడిన బృందాలు యంత్రాలతో కదిలే దృశ్యాలు పెట్టాయి. మన సురభి తెరలు, తంత్రాలు చూసినవాళ్లకు ఆ సంబరం ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. బొమ్మలాటలోనూ రంగు లైట్లు, మెరిసే పెయింట్లు, రికార్డు సంగీతంతో కొత్త శైలి వచ్చింది. 1970లో హువాంగ్ చున్-షియుంగ్ దాన్ని టీవీకి తెస్తే ఊళ్లకు ఊళ్లు టీవీల ముందు చేరాయి. జనం పని మానేస్తున్నారన్న సాకుతో కొన్నేళ్లకే ప్రభుత్వం దాన్ని ఆపించింది. అధికార భాష మాండరిన్ కాగా ఆ బొమ్మలు తైవానీ భాషలో మాట్లాడాయన్నది అసలు బాధ.

శుద్ధమైన సంప్రదాయం కావాలనుకునేవాళ్లు ఈ కలగలుపును చవకబారుదని తోసేశారు. నేను ఒప్పుకోను. వలసలు, పాలకుల మార్పులు, భాషల మీద ఆంక్షలు చూసిన ద్వీపానికి కలుపుకోవడమే చరిత్ర. ఆ చరిత్ర తెర మీద కనిపిస్తే అది లోపం ఎలా అవుతుంది?

విదేశాల్లో తైవాన్ రంగస్థలం పేరు చెప్పగానే గుర్తొచ్చే నృత్య బృందం క్లౌడ్ గేట్. లిన్ హ్వాయ్-మిన్ 1973లో స్థాపించారు. ఆయన నృత్యరూపకాల్లో సెట్ అంటే గోడలూ మేడలూ కావు, ఒక పదార్థం. సముద్రం దాటి తైవాన్ చేరిన తొలి వలసదారుల గాథను 1978లో తీసుకున్నప్పుడు వేదిక మీద ప్రధానంగా ఉన్నది ఒక పెద్ద తెల్లటి గుడ్డ. అదే అల, అదే పడవ, అదే తుఫాను. డిసెంబరు 16న, అమెరికా తైవాన్‌తో దౌత్య సంబంధాలు తెంచుకుని బీజింగ్‌ను గుర్తిస్తున్నట్టు ప్రకటించిన రోజున, చియాయి నగరంలో తొలి ప్రదర్శన జరిగింది. దేశం పేరుకే గుర్తింపు పోతున్న రాత్రి, ఆ గుడ్డ అలల మీద తమ పూర్వీకులు ఒడ్డుకు చేరడాన్ని ప్రేక్షకులు చూశారు. ఆ దృశ్యానికి కోట కప్పు ఏ విధంగానూ సాటి రాదు.

1994లో ఆయన బుద్ధగయ వెళ్లి వచ్చాక చేసిన రూపకంలో మూడున్నర టన్నుల బంగారు రంగు వడ్లు వేదిక మీద పోశారు. ఒక సన్యాసి కదలకుండా నిలబడి ఉంటాడు, నెత్తిన ధారగా వడ్లు రాలుతూనే ఉంటాయి. చివర ఒకతను ఆ వడ్లను నిదానంగా వలయాలుగా గీస్తూ పోతాడు. వినిపించేది జార్జియా దేశపు జానపద గీతాలు. ప్రేరణ మన బిహార్‌ది, గొంతు కాకసస్ కొండలది. ఇందులో తైవాన్ ఎక్కడ అని అడగవచ్చు. వరి పండించే నేల తన పంటనే సెట్‌గా పరిచింది, అంతకంటే ఏం కావాలి?

అంతకు ఏడాది ముందు చేసిన మరో రూపకానికి వేదిక ముందు నిజమైన నీటితో తామర కొలను అమర్చారు. తైవాన్ చిత్రకారుడు లిన్ యు-షాన్ తామరల చిత్రం దానికి ఆధారం. ఆ సెట్ రూపకర్త మింగ్ చో లీ. ఆయన షాంఘైలో పుట్టి, అమెరికాలో స్థిరపడి, యేల్ విశ్వవిద్యాలయంలో నాలుగు దశాబ్దాలకు పైగా పాఠాలు చెప్పిన మనిషి. రూపకర్త పుట్టిన ఊరును బట్టి ఒక కళ ఎవరిదో తేల్చాలనుకునేవారికి ఈ ఉదాహరణ చాలు.

కొత్త భవనాల మీద చర్చకు ఇది పనికొస్తుంది. 2016 నుంచి 2022 మధ్య తైవాన్ మూడు పెద్ద ప్రదర్శన కేంద్రాలు తెరిచింది, మూడింటి రూపకర్తలూ విదేశీయులే. తైచుంగ్‌లో జపాన్ వాస్తుశిల్పి తోయో ఇతో వంపు గోడలతో గుహలాంటి భవనం గీశారు. నిటారు గోడలకు బదులు వంపులతో నిండిన ఆ నిర్మాణాన్ని ఎలా కట్టాలో తెలియక ఏళ్లు పట్టింది. చివరికి స్థానిక నిర్మాణ సంస్థ ఇనుప చువ్వలను వంచి అల్లి, కాంక్రీటు నింపి సాధించింది. 2016లో తెరుచుకున్నాక పేరు ఇతోకు వచ్చింది, ఆ వంపులు తిప్పిన చేతులకు అంత రాలేదు.

కావోష్యుంగ్‌లోని వేయ్‌వుయింగ్ కేంద్రం నాకు ఈ మూడింటిలో అన్నిటికంటే నచ్చుతుంది. ఒకప్పటి సైనిక శిక్షణ స్థలాన్ని పార్కుగా ఇవ్వాలని నగరవాసులు 1990ల నుంచీ పోరాడి తెచ్చుకున్నారు. డచ్ వాస్తుశిల్ప సంస్థ మెకానూకు చెందిన ఫ్రాన్సీన్ హౌబెన్ అక్కడి మర్రి జాతి చెట్ల నీడలో జనం డాన్సులు, వ్యాయామాలు చేయడం చూసి, ఒకే పెద్ద కప్పు కింద నాలుగు ప్రేక్షకశాలలు పెట్టి, మధ్యలో నీడపట్టును అందరికీ వదిలేశారు. 2018లో తెరిచినప్పటి నుంచి టికెట్ లేనివాళ్లూ ఆ కప్పు కింద తిరగొచ్చు. ఓడల పరిశ్రమకు పేరున్న రేవు నగరంలో, ఆ వంపుల ఉక్కు తొడుగును ఓడలు కట్టేవారి నైపుణ్యంతోనే తయారుచేశారు.

తైపేలో డచ్ వాస్తుశిల్పి రెమ్ కూల్హాస్ సంస్థ ఓఎంఏ రూపొందించిన కేంద్రం 2022లో, అనుకున్నదానికంటే చాలా ఆలస్యంగా వచ్చింది. అద్దాల ఘనం లోంచి మూడు థియేటర్లు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి, అందులో ఒకటి గోళం. పక్కనే షిలిన్ రాత్రి బజారు. నాటకం టికెట్ కొనకపోయినా లోపలి దారి వెంట నడిచి తెర వెనక పనులు చూసే వీలు పెట్టారు. ఆలోచన మంచిదే. బజారుకొచ్చిన మనిషి ఆ దారి ఎక్కుతాడా లేదా అన్నది మాత్రం గోళం ఆకారం తేల్చేది కాదు. లోపల ఏ భాషలో, ఎవరి కథ, ఎంత ధరకు ఆడుతున్నారన్నదే తేలుస్తుంది.

భవనాలకు ఇంత ఖర్చుపెట్టిన ప్రభుత్వాలు, ఆ భవనాల్లోకి వచ్చే తెరల, దుస్తుల, సెట్ల తయారీని ఎలా చూశాయో చెప్పే సంఘటన ఒకటుంది. దేశానికి అంత పేరు తెచ్చిన క్లౌడ్ గేట్ తైపే శివార్లలోని బాలీలో రేకుల షెడ్డులో సాధన చేసేది. 2008 ఫిబ్రవరిలో అది కాలిపోయింది. దశాబ్దాల సామగ్రి, దుస్తులు, సెట్లు చాలావరకు బూడిదయ్యాయి. తర్వాత వేలమంది మామూలు మనుషులిచ్చిన విరాళాలతో తంషుయ్‌లో సొంత థియేటర్ కట్టుకుని 2015లో తెరిచారు. ఇది ప్రజల గొప్పతనమే. కానీ ఒక దేశం తన రంగస్థల జ్ఞాపకాన్ని రేకుల షెడ్డులో ఉంచిందన్న వాస్తవాన్ని విరాళాలు చెరపలేవు.

గుడి ముందు బృందాల సంగతి ఇంకా కష్టం. ఇప్పుడవి మడత విప్పే లారీలను వేదికలు చేసుకుని తిరుగుతున్నాయి. చేత్తో వేసిన తెరల చోట అచ్చువేసిన ఫ్లెక్సీలు, ఎల్‌ఈడీ తెరలు వచ్చాయి. బొమ్మలాటైతే చాలాచోట్ల ఎదురుగా మనుషుల్లేకుండా దేవుడికే ఆడుతున్నారు. తెర గీసే చేతులు, బొమ్మ చెక్కే చేతులు ముసలివవుతున్నాయి.

అయినా ఆ రంగులు చచ్చిపోలేదనడానికి క్లౌడ్ గేట్ తర్వాతి తరమే సాక్ష్యం. 2020లో లిన్ స్థానంలోకి వచ్చిన చెంగ్ త్సుంగ్-లుంగ్ తైపే పాతబస్తీ వాన్‌హువాలో పెరిగినవాడు. వీధుల్లో రకరకాల గొంతులతో కథలు చెప్పిన ఒక మనిషి గురించి తల్లి చెప్పగా విని, 2016లో ఒక రూపకం చేశాడు. చీకట్లో మెరిసే ముదురు రంగులు, మంత్రోచ్చారణలా సాగే గొంతులు, వెనక తెర మీద ఈదే పెద్ద చేప బొమ్మ. గుడి జాతర, బొమ్మలాట మెరుపు, వీధి అరుపు అన్నీ నేటి నృత్యంలోకి వచ్చి కూర్చున్నాయి. ఒకప్పుడు చవకబారువని తీసిపారేసిన రంగులే ఇప్పుడు అంతర్జాతీయ వేదికల మీద తైవాన్ పేరుతో వెలుగుతున్నాయి.

కాబట్టి వచ్చే బడ్జెట్లలో ఇంకో పెద్ద కప్పు వేసేముందు తైవాన్ మూడు పనులకు డబ్బు పెట్టాలి: లారీ వేదికల తెరలు గీసేవారికి శిష్యులను చేర్చి జీతాలివ్వడం, పాత సెట్లకు, బొమ్మలకు అగ్నిభయం లేని గిడ్డంగులు కట్టడం, గుడి ముందు ఆడే బృందాలకు వేయ్‌వుయింగ్ కప్పు కింద ఏడాది పొడవునా తేదీలు కేటాయించడం. వీటిలో దేనికీ విదేశీ వాస్తుశిల్పి పోటీ పిలవాల్సిన పనిలేదు.